గురకకు హక్కుదారు

మార్చి 3, సోమవారం

ఈ డైరీ మందుల కంపెనీవాళ్ళు ఈయన షాపుకి ఊరికే ఇచ్చింది. ప్రతి పేజీ కిందా దగ్గు మందు సీసా బొమ్మ. కోపం వచ్చినప్పుడు మనుషుల మీద పడకుండా కాగితం మీద పడమని ఈయనే తెచ్చి చేతిలో పెట్టారు. నాకు కోపమేమీ లేదు. ఊరికే రాస్తున్నాను.

పొద్దున వీడియో కంపెనీ నుంచి మెయిలొచ్చింది. నా వీడియోలో ఇతరుల సొత్తయిన శబ్దం ఉందట. ఇది మొదటి హెచ్చరికట. మూడు పూర్తయితే ఛానెల్ తీసేస్తారట. చివర "మీ సహనానికి ధన్యవాదాలు" అని ఉంది. నా సహనం సంగతి వీళ్ళకెవరు చెప్పారో.

ఏం శబ్దం నా మొహం. పాట లేదు, పద్యం లేదు. బాబిన్ దగ్గర దారం చిక్కుపడితే ఎలా తియ్యాలో చూపించాను, అంతే. ఉన్న శబ్దమల్లా నా గొంతూ, కుట్టు మిషనూ. ఆ మిషను మా నాన్నది. నా గొంతూ ఆయనిచ్చిందే. ఇందులో ఇతరులెవరు?

బెల్టు కీచుమంటోందేమోనని నూనె వేసి, మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాను.

మార్చి 5

రెండో హెచ్చరిక. ఈసారి మిషను నడపనే లేదు. సూది ఎలా మార్చాలో చూపించాను. సూది మారిస్తే శబ్దమొస్తుందా?

ఈయన్ని అడిగితే "చూద్దాం" అన్నారు. పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నారు.

చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, సౌండు పూర్తిగా పెంచి విన్నాను. అప్పుడు తెలిసింది. నా మాటల వెనకాల, పక్కగది పడక కుర్చీలోంచి, మామయ్యగారి గురక.

నేను వీడియో తీసుకునేది మధ్యాహ్నం భోజనాలయ్యాక. పొద్దున మిషన్లు రిపేరుకి తెచ్చేవాళ్ళు, సాయంత్రం వీధిలో బళ్ళ గోల. మామయ్యగారు పడుకునేదీ అప్పుడే. ఇన్నాళ్ళూ ఒకరికొకరం అడ్డమని ఇద్దరికీ తోచలేదు.

మార్చి 6

మామయ్యగారికి చెప్పాను. "గురకా? నేనా?" అని పేపరు తిరగేశారు.

మార్చి 8, శనివారం

అడగడమే తప్పయింది. ఆయన బస్సు డిపోలో టైమ్ కీపరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా ఏ బస్సు ఎప్పుడొచ్చిందో రాసిన మనిషికి తన నోట్లోంచి ఏం వస్తోందో తెలీదు. గురక లేదని ఆయనా, ఉందని అత్తయ్యగారూ పెళ్ళినాటి నుంచి పోట్లాడుకుంటున్నారు. చివరికి ఆవిడ "నాకు ఒక్క రాత్రయినా ప్రశాంతంగా నిద్ర కావాలి" అని బట్టలు సర్దుకుని కూతురింటికి, అంటే మా వదిన ఇంటికి, వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఫోను చేసినప్పుడల్లా "ఇక్కడ హాయిగా నిద్రపోతున్నానమ్మాయ్" అంటారు, కావాలనే గట్టిగా. మామయ్యగారు పక్కనే కూర్చుని వింటారు. ఏమీ అనరు. ఆయన ఎవరేం చెప్పినా ఏమీ అనరు.

సరే, అసలు సంగతి. ఆ శబ్దం మాదే అంటున్నవాళ్ళ ఛానెల్ వెతికి పట్టుకున్నాను. పేరు "హాయి నిద్ర". ఉన్నది ఒకటే వీడియో, "దూరంగా వెళ్ళే లారీ". నల్లటి తెర, వెనక శబ్దం. ఎంతమంది వింటున్నారో చూసి కళ్ళు తిరిగాయి. నేను సూదులూ షటిళ్ళూ చూపిస్తూ ఏళ్ళ తరబడి గొంతు చించుకుంటే అందులో పదో వంతు కూడా రాలేదు. కింద జనం దీవెనలు. "మా పాప దీనితోనే పడుకుంటుంది" అని ఒకావిడ. "ఈ లారీ డ్రైవరు చల్లగా ఉండాలి" అని ఇంకొకాయన.

లారీ కాదు. అది మామయ్యగారు. నాకు తెలీదా? మొదట గరగర, తర్వాత చిన్న ఈల, ఆ తర్వాత ఎవరో ఏదో అడిగితే జవాబిచ్చినట్టు "ఊఁ". ప్రపంచంలో ఇంకే లారీ ఊఁ అనదు.

వెనకాల ఫ్యాను టకటకలాడుతోంది. మా ఫ్యానూ అలాగే టకటకలాడుతుంది. అయినా ఎవరింట్లో ఫ్యాను టకటకలాడదు?

మా ఇంట్లోకి ఎవరో దొంగ వచ్చి గురక ఎత్తుకెళ్ళాడని ఈయనతో అన్నాను. తలుపు గడియ చూసి వచ్చి, గడియ బాగానే ఉందన్నారు.

మార్చి 10, సోమవారం

మూడోది. పాత వీడియో తవ్వి తీశారు. వాళ్ళ యంత్రం పాతవన్నీ వెతుకుతోందట.

ఛానెల్‌కి తాళం పడింది. కొత్తది పెట్టడానికి లేదు, పాతవి చూడ్డానికి లేదు, దించుకోవడానికీ లేదు. ఈ నెలాఖరులోగా శబ్దం ఎవరిదో తేలకపోతే మొత్తం చెరిపేస్తారట.

చెరిపేస్తే నాకేం. మళ్ళీ మొదలుపెట్టుకుంటాను. సూదులు ఎక్కడికీ పోవు.

మార్చి 10, మళ్ళీ

అబద్ధం రాశాను. డైరీతో కూడా అబద్ధమేమిటి.

ఛానెల్లో మొట్టమొదటి వీడియో నాన్నది. మిషన్లో సూదికి షటిల్ టైమింగ్ ఎలా కలపాలో ఆయన చేతులు చూపిస్తాయి. మొహం లేదు, చేతులే. మధ్యలో దగ్గొస్తుంది. "నాన్నా, దగ్గు పడింది, మళ్ళీ తీద్దాం" అంటాను నేను. "ఉండనీవే, మనిషన్నాక దగ్గడా" అంటారు ఆయన. ఆ తర్వాత రెండు నెలలు కూడా లేరు. తీసిన ఫోను నీళ్ళ బకెట్లో పడింది. అది ఇప్పుడు ఆ ఛానెల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

ఇదంతా ఈయనకి చెబుతుంటే ఏడుపొచ్చింది. ఈసారి "చూద్దాం" అనలేదు. లాయరు దగ్గరికి వెళ్దామన్నారు.

మార్చి 12

లాయరుగారు మనకి తెలిసినాయనే. వాళ్ళావిడ మిషను ఏడాదికోసారి నా దగ్గరికొస్తుంది. సంగతంతా విని కుర్చీలో ముందుకి జరిగారు. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో సరిహద్దు గోడల కేసులు తప్ప చూడలేదట, ఇలాంటిది ఒకటి రావాలని ఎదురుచూస్తున్నారట. గురకకి యజమాని ఎవరు? పెట్టినవాడా, రికార్డు చేసినవాడా? నిద్రలో ఉన్నవాడికి తను సృష్టిస్తున్నానన్న స్పృహ ఉంటుందా? ఆయన కళ్ళు మెరిసిపోతున్నాయి. నాకు ఒళ్ళు మండుతోంది. నాకు కావలసింది నాన్న చేతులు, లాయరుగారికి కావలసింది చరిత్రలో పేరు.

ముందు వాళ్ళకి అభ్యంతరం రాసి పంపారు. అది మామయ్యగారి గురక, ఏ రోజుకారోజు వేరుగా ఉంటుంది కదా, రెండూ ఒకటని ఎలా చెప్పారు అని అడిగారు. సాయంత్రానికే జవాబు. వాళ్ళ యంత్రం పొరపాటు పడదట. మా సహనానికి ధన్యవాదాలట.

అయితే మామయ్యగారు "ఈ గురక నాది" అని ప్రమాణ పత్రం మీద సంతకం పెడితే చాలన్నారు లాయరుగారు. చాలట. ఎంత తేలిగ్గా అనేశారు.

మార్చి 15, శనివారం

లాయరుగారు స్వయంగా విని సాక్ష్యం రాస్తానని మధ్యాహ్నం వచ్చారు. మామయ్యగారు ఎప్పటిలాగే పడక కుర్చీలో వాలారు. లాయరుగారు ఎదురుగా పెన్ను పట్టుకుని కూర్చున్నారు.

పరాయి మనిషి మొహంలోకి చూస్తుంటే ఎవరికి నిద్రొస్తుంది? మామయ్యగారు కళ్ళు మూసుకుంటారు, తెరుస్తారు, ఆయనింకా అక్కడే ఉన్నారో లేదో చూస్తారు. ఫ్యాను టకటకలాడుతోంది. నేను వంటింట్లోంచి పిల్లిలా తొంగి చూస్తున్నాను. కాసేపటికి గురక వినిపించింది. హమ్మయ్య అనుకుని ఫోను పట్టుకుని పరిగెత్తాను.

గురక పెట్టేది లాయరుగారు. పెన్ను ఒళ్ళో పడిపోయింది, నోరు తెరుచుకుంది. మామయ్యగారు నిటారుగా కూర్చుని ఆయన్నే చూస్తున్నారు. నన్ను చూసి, "గురకంటే అదీ. అలాంటిదేమన్నా నా దగ్గర ఉందా?" అన్నారు. ఆయన మొహంలో అంత ఆనందం నేనీ ఇంటికొచ్చాక చూడలేదు.

మార్చి 17

ప్రమాణ పత్రం టైపు చేసి తెచ్చారు. మామయ్యగారు మొత్తం చదివారు. కామా ఒకటి తప్పుగా ఉందని దిద్దారు. తర్వాత పెన్ను మూత పెట్టేశారు.

"లేనిది ఉందని సంతకం పెట్టలేనమ్మా. నీ ఛానెల్ కోసం ఇంకేమన్నా అడుగు."

 నాన్న వీడియో సంగతి చెప్పబోయి ఊరుకున్నాను. బతిమాలి పెట్టించుకునే సంతకం కాదు ఇది అనిపించింది. లోపలికెళ్ళి గిన్నెలు కడిగాను. కొంచెం చప్పుడు చేసుకుంటూ కడిగాను.

మార్చి 21, శుక్రవారం

మా అభ్యంతరం నమోదైంది కాబట్టి రూలు ప్రకారం హక్కుదారు చిరునామా మాకు పంపారు. లాయరుగారు ఫోన్లో చదివి వినిపించారు. ఇంటి నంబరు, మెట్ల పక్క వాటా.

అది మా వదిన ఇల్లు.

మార్చి 22, పొద్దున

వదిన ఇంటికి వెళ్తున్నాను. గొడవ పడటానికి కాదు. సంచిలో పెద్ద స్క్రూడ్రైవరుంది, అది ఎప్పుడూ ఉంటుంది.

మార్చి 22, సాయంత్రం

గుమ్మంలోనే అడిగేశాను. మీ నాన్నగారి గురక అమ్ముకుంటున్నారా అని. వదిన బిత్తరపోయింది. నిజంగానే తనకేమీ తెలీదు. వాళ్ళాయన, అంటే అన్నయ్యగారు, టీ గ్లాసు కింద పెట్టేశారు. అప్పుడర్థమైంది ఎవరికి తెలుసో.

ఆయన పనిచేసేది ఇన్సూరెన్స్ ఆఫీసులో. కాగితమైనా, ఫోనైనా, "ఒప్పుకుంటున్నాను" అన్న గడి కనిపిస్తే టిక్కు పెట్టకుండా ఉండలేరు. అత్తయ్యగారు ఒక రికార్డింగు ఇచ్చి, ఇది ఆగకుండా మోగేలా చెయ్యి నాయనా అన్నారట. వీడియో కంపెనీలో పెడితే అదే మోగుతుందని అన్నయ్యగారు పెట్టారు. పెట్టేటప్పుడు బోలెడు గడులు వచ్చాయట. ఇది మీ సొత్తా? టిక్కు. దీన్ని కాపాడాలా? టిక్కు. ఎవరైనా వాడితే మీ తరఫున మేం చర్య తీసుకోవచ్చా? టిక్కు. అందుకోసం ఒక మెయిలు తెరిచారు, మళ్ళీ దాని మొహం చూడలేదు. తీసి చూస్తే నిండా ఉత్తరాలు. అన్నిట్లోనూ నా మీద ఆయన సాధించిన విజయాలే.

అంటే మా ఇంటి మీద మా ఇల్లే కేసు పెట్టింది, రెండిళ్ళలోనూ ఎవరికీ తెలీకుండా.

నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు రాస్తుంటే కొంచెం వస్తోంది.

అత్తయ్యగారు లోపలి గదిలో మంచం మీద కూర్చుని ఉన్నారు. ఆ రికార్డింగు మీకెందుకని అడిగాను. మామయ్యగారికి రుజువు చూపించడానికి ఎప్పుడో తీశారట. చూపిస్తే "అది నీ ఫోను పాడై వచ్చే చప్పుడు" అన్నారట ఆయన. అది సరే, ఆగకుండా మోగడం ఎందుకు అన్నాను. చాలాసేపు దుప్పటి మడతలు సరిచేశారు. మడత మీద మడత వేసి, మళ్ళీ విప్పి వేశారు.

"ఆయనకి తెలిసిందంటే నేను బతకను. ఒట్టు పెట్టు" అన్నారు.

పెట్టాను. ఏం చేస్తాను.

ఆవిడ చెప్పింది ఇక్కడ కూడా రాయను. ఒట్టంటే ఒట్టే.

మార్చి 24

అన్నయ్యగారు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటామని రాశారు. కుదరదట. శబ్దం మామయ్యగారిదని మా లాయరుగారు ఒకసారి రాశారు, తమదని వాళ్ళు టిక్కు పెట్టారు, కాబట్టి అసలు యజమాని ఎవరో తేలాలట. శుక్రవారం రెండు పక్షాలూ వీడియో కాల్లో కంపెనీ అధికారి ముందు హాజరు కావాలి. ఆ తర్వాత నెలాఖరే.

అత్తయ్యగారి పేరు బయటికి రాకూడదు. మామయ్యగారు ఒప్పుకోరు. అందుకని అన్నయ్యగారు అది నిజంగా లారీయే అని చెబుతారట. ఇది వాళ్ళు ఆలోచించి తేల్చిన ఉపాయం.

మార్చి 27

మామయ్యగారు రేపటికి చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు. తనకి గురక లేదని చెప్పడానికి.

రాత్రి అన్నం సయించలేదు. నాన్న చేతుల్లో ఎడమ బొటనవేలి గోరు నల్లగా ఉండేదా, కుడిదా? గుర్తు రావడం లేదు.

మార్చి 28, శుక్రవారం

మొత్తం రాస్తాను. మర్చిపోకూడదు.

ముందుగదిలో ఈయన, నేను, మామయ్యగారు, కోటు వేసుకున్న లాయరుగారు. అటువైపు తెరలో వదినా, అన్నయ్యగారూ. అత్తయ్యగారు అక్కడ లేనట్టే లెక్క, కానీ ఆవిడ మోచేయి పక్కనుంచి కనిపిస్తూనే ఉంది. అధికారి ఒక అలిసిపోయిన అమ్మాయి. మెయిళ్ళు రాసేది యంత్రమనుకున్నాను గానీ, ఈవిడ నోటితో కూడా "మీ సహనానికి ధన్యవాదాలు" అంటుంది.

ఆమె శబ్దం వినిపించింది. గరగర, ఈల, ఊఁ. ఇది ఏమిటని అడిగింది.

లారీ అన్నారు అన్నయ్యగారు. ఏ లారీ అంది. దూరంగా వెళ్ళేది అన్నారు. ఎంతసేపు వెళ్తుంది, అక్కడే తిరుగుతోందా అంది. అన్నయ్యగారికి ఆ ప్రశ్నకి టిక్కు పెట్టే గడి దొరకలేదు. మా లాయరుగారు లేచి నిద్రలో స్పృహ గురించి మొదలుపెట్టారు. ఈయన ఆయన కోటు పట్టుకుని కూర్చోబెట్టారు. ఈయన్నలా ఎప్పుడూ చూడలేదు, ముచ్చటేసింది.

అధికారి మామయ్యగారిని అడిగింది. ఇది మీ గురకేనా? ఆయన గొంతు సవరించుకుని, తనకి గురక అలవాటు లేదని చెప్పారు. రాసుకుంది. అయితే యజమాని తేలలేదు కాబట్టి రూలు ప్రకారం రెండు ఛానెళ్ళూ తీసేస్తామంది. చెప్పుకునేది ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పమంది.

నేను నోరు తెరిచాను. ఒట్టు గుర్తొచ్చి మూసుకున్నాను. కళ్ళలో నీళ్ళు మాత్రం ఆగలేదు. వాటికి ఒట్టు పెట్టలేదు కదా.

అప్పుడు అటువైపు మోచేయి కదిలింది. అత్తయ్యగారు అల్లుణ్ణి పక్కకి జరిపి కెమెరా ముందుకొచ్చారు. మా వైపు చూడలేదు. అధికారినే చూస్తూ మాట్లాడారు.

"తీసెయ్యకమ్మా. అది నేనే పెట్టించాను. పడుకునేముందు ఆ రోజు ఏం జరిగిందో చెప్పుకోవడం నాకలవాటు. మెలకువగా ఉన్నప్పుడు ఈయన దేనికీ ఊఁ అనరు. నిద్రలోనే అంటారు. ఇక్కడికొచ్చాక చెప్పుకుంటే పలికేవాళ్ళు లేరు. అది పెట్టుకుంటే ఊఁ అంటుంది. లేకపోతే నాకు నిద్ర పట్టదు."

 ఫ్యాను ఒక్కటే టకటకలాడుతోంది. అధికారి రాసుకోవడం ఆపేసింది.

మామయ్యగారు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని తెర వైపు చూస్తున్నారు. 

"ఊఁ" అన్నారు.

పూర్తి మెలకువతో. నేను సాక్ష్యం.

తర్వాత అధికారితో, "ఆ గురక నాదే. రాసుకోండి. మా కోడలు ఎంత కావాలంటే అంత వాడుకోవచ్చు, దానికి నా అనుమతి ఉంది. మా ఆవిడకి అనుమతి అక్కర్లేదు" అన్నారు. ప్రమాణ పత్రం తెప్పించుకుని సంతకం పెట్టారు. కింద అలవాటుగా టైము కూడా వేశారు.

అధికారి మా సహనానికి ధన్యవాదాలు చెప్పలేదు. "ఒక్క నిమిషం" అని కెమెరా ఆపుకుంది.

మార్చి 30, ఆదివారం

తాళం తీశారు. ముందు నాన్న వీడియో దించుకుని మూడు చోట్ల దాచాను. తర్వాత చూశాను. నల్ల గోరు ఎడమ చేతిది. దగ్గూ, "ఉండనీవే"నూ ఉన్నాయి.

సాయంత్రం అత్తయ్యగారు వచ్చేశారు. మామయ్యగారు బస్టాండుకెళ్ళి తీసుకొచ్చారు. బస్సు ఆలస్యమైందని దారంతా సణిగారట. ఆవిడ వినలేదట, ఆవిడ చెప్పాల్సినవే చాలా ఉన్నాయట.

మార్చి 31

పొద్దున్నే అత్తయ్యగారు వంటింట్లోకొచ్చి, "ఆ గురకకి కన్ను మూతపడలేదమ్మాయ్, మళ్ళీ మా అమ్మాయింటికి పోతాను" అన్నారు. పోరు. బట్టల పెట్టె అటక మీదికి ఎక్కించమని అడిగింది కూడా ఆవిడే.

ఏప్రిల్ 5, శనివారం

మధ్యాహ్నం కొత్త వీడియో తీశాను, దారం బిగువు ఎలా సరిచేసుకోవాలో. సగంలో వెనక గురక. ఇప్పుడు భయమేముంది, సంతకం ఉంది. చెప్పుకుంటూ పోయాను.

అయిపోయాక హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. గరగర ఉంది గానీ ఈల లేదు. ఊఁ లేదు. ఇది కొత్త లారీ.

పక్కగదిలోకి తొంగి చూశాను. పడక కుర్చీలో ఉన్నది అత్తయ్యగారు. నోరు కొంచెం తెరుచుకుని, ఇల్లు అదిరేలా. జన్మలో ఎప్పుడూ పెట్టలేదని ఆవిడ చెప్పుకునే గురక. ఆ పక్కనే నేల మీద మామయ్యగారు చతికిలబడి, ఫోను ఆవిడ నోటి దగ్గర పెట్టి పట్టుకుని ఉన్నారు. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.

రుజువు కోసమా మామయ్యగారూ అని సైగ చేసి అడిగాను.

కాదన్నట్టు తల ఊపారు.

వీడియోలో ఆ భాగం కత్తిరించకుండానే పెట్టాను. ఉండనీ.